నాటినవి కాదు, బతికినవి లెక్కించండి

ఈ సంచిక మీ చేతికి అందే వేళకు మృగశిర కార్తె ప్రవేశించి ఉంటుంది. భద్రాద్రి అడవుల మీద తొలకరి మబ్బులు దిగి ఉంటాయి. ప్రతి ఏటా ఈ రోజుల్లోనే బడులలో, మదర్సాలలో, మస్జిదు ఆవరణల్లో మొక్కలు నాటే కార్యక్రమాలు జరుగుతాయి. పలుగు, పార పట్టుకుని పెద్దలు నిలబడతారు, పిల్లలు చుట్టూ చేరతారు, ఫోటో తీస్తారు. ఇది మంచి పనే. ఒక ముస్లిం మొక్క నాటినా, పైరు వేసినా, దాని నుంచి మనిషో పక్షో పశువో తిన్నంత కాలం అది అతని ఖాతాలో సదఖాగా నమోదవుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) శుభవార్త ఇచ్చారు. హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మనలో చాలామందికి ఇది కంఠస్థం.

అయితే ఈ హదీసులోని ఒక షరతును మనం తరచు విస్మరిస్తాము. మనిషో పక్షో పశువో తినాలంటే ఆ మొక్క ముందు బతకాలి. ఎండిపోయిన కర్ర మీద ఏ పిట్టా వాలదు, దాని నీడన ఏ బాటసారీ కూర్చోడు. నాటిన రోజున మన సంకల్పానికి అల్లాహ్ ప్రతిఫలమిస్తాడన్న ఆశ మనకుంది. కాని బతికించగలిగి ఉండీ నిర్లక్ష్యంతో ఎండబెట్టిన మొక్క గురించి మనల్ని ప్రశ్నిస్తే ఏమని సమాధానం చెబుతాము? ఈ ప్రశ్న నాకై నాకు తట్టలేదు. నా దగ్గర చదివే ఒక విద్యార్థి అడిగాడు. ఆ వృత్తాంతాన్ని దాచుకోకుండా మీ ముందు ఉంచుతున్నాను.

నూరు మొక్కలు, పదకొండు ప్రాణాలు

మా మదర్సా ఖమ్మం పొలాలు ముగిసి అడవి మొదలయ్యే సరిహద్దున ఉంది. ఒకవైపు మిరప, పత్తి చేలు. మరొకవైపు టేకు, తునికి, ఇప్ప, మద్ది, వెదురు. వెనుక నుంచి ఒక చిన్న వాగు పారి కిన్నెరసానిలో కలుస్తుంది. కిన్నెరసాని మన గోదావరికి ఉపనది. పాల్వంచ దగ్గర దాని మీద జలాశయం ఉంది. చుట్టూ ఉన్న అడవిని 1977లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. జలాశయంలో మొసళ్లున్నాయి, అడవిలో జింకలున్నాయి. అక్కడి నుంచి దిగువకు సాగి బూర్గంపాడు వద్ద గోదావరిలో కలుస్తుంది. అంటే మా వాగులో ఎవరు ఏది పారవేసినా అది చివరికి చేరేది గోదావరికే.

2023 వర్షాకాలంలో మేమూ ఆ వాగు ఒడ్డున నూరు మొక్కలు నాటాము. ఎక్కువగా ఎర్రపూల తురాయి, మరికొన్ని అలంకార వృక్షాలు. చూడముచ్చటగా ఉంటాయని నేనే ఎంపిక చేశాను. దుఆ చేశాము, మిఠాయి పంచుకున్నాము, ఫోటో దిగాము. వానలున్నంత కాలం మొక్కలు పచ్చగానే ఉన్నాయి. తరువాత షాబాన్ మాసం వచ్చింది. మదర్సాలలో షాబాన్ సగానికి పరీక్షలు ముగిసి సెలవులు మొదలవుతాయని, మళ్లీ షవ్వాల్‌లోనే తెరుస్తారని మీకు తెలిసిందే. 2024లో ఆ సెలవులు సరిగ్గా ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు, అంటే ఎండలు ముదిరే కాలంలోనే పడ్డాయి. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. నేను తరావీహ్‌లో, ఇతర బాధ్యతల్లో మునిగిపోయాను. ఆ మొక్కల ఆలోచనే నాకు రాలేదు.

2024 ఏప్రిల్‌లో, పండుగ తరువాత తిరిగివచ్చి లెక్క చూస్తే నూటిలో పదకొండు మిగిలాయి. కొన్నిటిని ఎండ తిన్నది, కొన్నిటిని మేకలు తిన్నాయి. కొన్నిటి నల్లటి పాలిథిన్ సంచులు కూడా తీయకుండానే నాటామని అప్పుడు గాని తెలియలేదు. రమజాన్ నెలంతా దాహం విలువ అనుభవించిన మేము, మా చేతులతో నాటిన ప్రాణులను ఆ నెలలోనే దాహంతో చంపాము. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

హిదాయా పాఠంలో ఎదురైన ప్రశ్న

ఆ తరువాత కొన్నాళ్లకు పై తరగతిలో హిదాయా గ్రంథం నుంచి ‘ఇహ్యా ఉల్ మవాత్’ అధ్యాయం చెబుతున్నాను. మృతభూమిని సజీవం చేయడం అని దీని అర్థం. ఎవరికీ చెందని బీడును సాగులోకి తెచ్చి బతికించిన వ్యక్తికి దాని మీద హక్కు ఏర్పడుతుందని హదీసుల్లో ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) దీనికి పాలకుని అనుమతి కూడా తప్పనిసరి అన్నారు. ఇదే అధ్యాయంలో ‘తహ్జీర్’ అనే మరో మాట వస్తుంది. అంటే హద్దురాళ్లు పాతి ‘ఇది నేను బాగుచేస్తాను’ అని ప్రకటించడం. అలా రాళ్లు పాతినవాడు మూడేళ్లు గడిచినా భూమిని సాగుచేయకపోతే పాలకుడు దానిని అతని నుంచి తీసుకుని మరొకరికి ఇస్తాడు. హజ్రత్ ఉమర్ (ర) నిర్ణయాన్ని ధర్మవేత్తలు దీనికి ఆధారంగా చూపారు. రాళ్లు పాతడం ప్రకటన మాత్రమే, బతికించడం వేరు.

ఈ మాట చెప్పి పుట తిప్పబోతుండగా వెనుక వరుసలోని ఒక కుర్రవాడు మెల్లగా అడిగాడు: “హజ్రత్, మరి మనం వాగు ఒడ్డున చేసింది ఇహ్యానా, తహ్జీరా?”

తరగతి నిశ్శబ్దమైపోయింది. ముప్పై ఏళ్లుగా ఈ అధ్యాయం చెబుతున్నాను. దాని ముందు నేనే దోషిగా నిలబడవలసి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. “తహ్జీరే, నాయనా” అన్నాను. అంతకు మించి ఆ రోజు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఆ రాత్రి నాకు హజ్రత్ సల్మాన్ ఫార్సీ (ర) వృత్తాంతం గుర్తుకు వచ్చింది. ముస్నద్ అహ్మద్‌లో ఇది వివరంగా ఉంది. ఆయన మదీనాలో ఒక యజమానికి బానిసగా ఉండేవారు. విడుదల కోసం యజమానితో చేసుకున్న ఒప్పందంలో 40 ఊఖియాల బంగారంతో పాటు 300 ఖర్జూర మొక్కలు ఉన్నాయి. ఇక్కడ అరబీ మూలంలోని క్రియను గమనించాలి. ఆ మొక్కలను నాటి ఇవ్వడం కాదు, బతికించి ఇవ్వడం షరతు. ‘ఇహ్యా’ అన్న అదే ధాతువు అక్కడా వస్తుంది. దైవప్రవక్త (స) తన సహచరులతో మీ సోదరునికి సహాయపడండి అన్నారు. ఒకరు ముప్పై పిలకలు తెచ్చారు, ఒకరు ఇరవై, ఒకరు పదిహేను, మరొకరు పది. ఎవరి స్తోమతు కొద్దీ వారు. గుంతలు తవ్వడానికి కూడా సహచరులే చేయి కలిపారు. అన్నీ సిద్ధమయ్యాక దైవప్రవక్త (స) స్వయంగా వచ్చి తన పవిత్ర హస్తాలతో ఒక్కొక్క మొక్కనూ గుంతలో నిలిపారు. వాటిలో ఒక్కటి కూడా చావలేదని సల్మాన్ (ర) ప్రమాణం చేసి చెప్పారు.

నేడు మనం ‘స్వచ్ఛంద సేవ’ అని పిలిచే పనికి ఇంతకన్నా గొప్ప నమూనా ఏముంటుంది? ఒకరు మొక్క ఇచ్చారు, ఒకరు గుంత తవ్వారు, ఒకరు నాటారు. లెక్క మాత్రం ఎన్ని నాటామని కాదు, ఎన్ని బతికాయని. ఒక మనిషి స్వేచ్ఛ ఆ లెక్క మీద ఆధారపడి ఉంది.

‘ఏటి కడుపులో నాటిండ్రు’

తప్పు తెలిసిన తరువాత దిద్దుకోవడానికి పెద్దల సలహా కావాలి. అడవి విషయంలో పెద్దలంటే ఎవరు? మా వాగుకు అవతల కోయ సోదరుల గూడెం ఉంది. అక్కడి ఒక వృద్ధుడిని పిలిచి చూపించాము. ఆయన ఒడ్డు వెంట నడిచి, మా పదకొండు మొక్కలనూ చూసి నవ్వాడు. “సాయిబు గారూ, ఏరు ఏడదాకా పొంగుద్దో ఎవరినన్నా అడిగిండ్రా? మీరు గట్టున నాటలే, ఏటి కడుపుల నాటిండ్రు” అన్నాడు. ఆ తరువాత ఆయన చెప్పిన విషయాలు నాకు ఒక పాఠ్యగ్రంథంతో సమానమయ్యాయి.

వాగు నీరు ఏటా తాకే అంచున ఏరుమద్ది, కానుగ, నేరేడు, మేడి వంటివి నిలుస్తాయి. వాటి వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, నీళ్లలో కొన్నాళ్లు మునిగినా తట్టుకుంటాయి. కొంచెం ఎత్తున ఇప్ప, తునికి, రేల, చింత వేసుకోవచ్చు. తురాయి పూలు అందంగానే ఉంటాయి, కాని అది మన నేల చెట్టు కాదు, దానిని నమ్ముకుని బతికే అడవి ప్రాణులు ఇక్కడ తక్కువ. అలాగే కాగితపు గుజ్జు కోసం మన రైతులు పెంచే జామాయిల్, సుబాబుల్ తోటలు పంటలే గాని అడవి కావు. ఇప్పచెట్టు అలా కాదు. దాని పూలను మనుషులు ఏరుకుంటారు, ఎలుగుబంట్లు తింటాయి, గింజ నుంచి నూనె తీస్తారు. హదీసులోని మనిషి, పక్షి, పశువు ముగ్గురూ ఆ ఒక్క చెట్టు కిందే కలుసుకుంటారు.

ఆయన చెప్పిన రెండో మాట మరింత విలువైనది. “పెద్ద మద్ది కింద చూడుండ్రి, ఎన్ని పిల్లలు మొలిచినయో. మేకలు తినకుండ, నిప్పు తగలకుండ కాసుకోండి. అడవి తనంతట తనే లేస్తది.” అడవికి మనం కొత్త ప్రాణం పోయనవసరం లేదు. అల్లాహ్ దానిలో ఉంచిన ప్రాణాన్ని చంపకుండా ఉంటే చాలావరకు అదే కోలుకుంటుంది. నరికిన మోడుల నుంచి కూడా పిలకలు వస్తాయి. వాటిలో బలమైనదానిని ఉంచి, చుట్టూ ముళ్లకంప వేసి, పశువుల నుంచి కాపాడితే నర్సరీ మొక్కకన్నా త్వరగా ఎదుగుతుంది, ఎందుకంటే దాని వేళ్లు అప్పటికే లోతుగా ఉన్నాయి.

దివ్యఖుర్ఆన్‌లోని అల్ ఆరాఫ్ సూరా 56వ ఆయతులో భూమి చక్కదిద్దబడిన తరువాత అందులో కల్లోలం సృష్టించవద్దని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఈ ఆయతును ఎన్నోసార్లు బోధించాను. ‘చక్కదిద్దబడిన తరువాత’ అన్న మాట లోతు ఆ రోజు మద్దిచెట్టు కింద, చదువురాని ఒక మనిషి వేలు చూపిన మొలకల మధ్య నాకు అర్థమైంది. చక్కదిద్దినవాడు అల్లాహ్. మన వంతు దానిని చెడగొట్టకుండా కాపలా కాయడం.

నదికీ ఒక హద్దు ఉంది

ఆ ఏడాదే, 2024 సెప్టెంబరు 1న, ఖమ్మం పట్టణంలో మున్నేరు 30 అడుగులు దాటి పొంగిన సంగతి మనం మరచిపోలేము. ఒడ్డు కాలనీలు మునిగాయి, బీరువాలు, పుస్తకాలు, పెళ్లికి దాచుకున్న చీరలు బురదలో కలిశాయి. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకుపోతే, హర్యానా నుంచి పొట్టకూటికి వచ్చిన ఒక ముస్లిం సోదరుడు తన జేసీబీతో వరదలోకి వెళ్లి వారిని ఒడ్డుకు చేర్చాడు. ఆ వార్త విని మనమందరం గర్వించాము, అది సమంజసమే. భద్రాచలంలో గోదావరి 2022 జులై 16న 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు నమోదైంది. 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేస్తారంటే ఆ నీటి ఎత్తు ఎంతటిదో ఊహించవచ్చు.

ఒడ్డున చెట్లుంటే ఇంతటి వరదలు రావని నేను చెప్పను. ఆకాశం నుంచి నీటిని ఒక పరిమాణంలో దింపేది అల్లాహ్. కాని ఒడ్డు కోసుకుపోకుండా ఉండటం, పూడిక తగ్గడం, నీరు పొంగినప్పుడు విస్తరించడానికి చోటు మిగలడం మన చేతుల్లో కొంత ఉన్నాయి. మన ఫిఖ్‌హ్‌లో ‘హరీం’ అనే భావన ఉంది. బావి చుట్టూ, ఊట చుట్టూ ఇతరులు తవ్వకూడని, ఆక్రమించకూడని రక్షిత స్థలం అది. పశువుల కోసం తవ్విన బావికి 40 మూరలు, ఊటకు 500 మూరలు అని హిదాయాలో ఉంది. ఒక బావికే అంత మర్యాద ఇచ్చిన ధర్మం, లక్షల మందికి తాగునీరిచ్చే నది ఒడ్డున చెత్త కుమ్మరించి, పునాదులు తవ్వి, ఇసుక తోడుకోవడాన్ని ఇష్టపడుతుందా? నీటి రేవులు, దారులు, నీడ పట్టులు, ఈ మూడింటిని మలినం చేయడం శాపానికి కారణమవుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు అబూ దావూద్ గ్రంథంలో ఉంది. వాగు ఒడ్డు ఈ మూడూ ఒకేచోట ఉన్న స్థలం.

ఒకరిని వరద నుంచి కాపాడటానికి అసాధారణ ధైర్యం కావాలి, అది అందరికీ దక్కదు. వాగులో ఒక ప్లాస్టిక్ సంచి వేయకుండా ఉండటానికి ధైర్యం అక్కరలేదు. కొంచెం దైవభీతి చాలు.

మొక్కలకు హాజరు పట్టీ

2024 వానలకు మేము మళ్లీ మొదలుపెట్టాము. ఈసారి నూరు కాదు, నలభై. గ్రామ పంచాయతీ అనుమతి తీసుకున్నాము. అటవీ భూమిలో అడుగు పెట్టదలచినవారు అటవీ శాఖ అనుమతి లేనిదే ఏ పనీ చేయకూడదు. ఇమామ్ అబూ హనీఫా (ర.అలైహి) పాలకుని అనుమతిని షరతుగా పెట్టడంలోని వివేకం ఇదే. గుంతలు ముందుగానే తవ్వి, రెండు మంచి వానలు పడ్డాక నాటాము. పాలిథిన్ సంచులను కోసి, వాటిని లెక్కపెట్టి వెనక్కు తెచ్చాము. మొదళ్ల చుట్టూ ఎండుటాకులు పరిచాము. ముళ్లకంప కట్టాము. కొన్ని మొక్కల పక్కన అడుగున చిన్న రంధ్రం చేసి గుడ్డపీలిక దూర్చిన మట్టికుండలను పాతాము. కుండ నింపితే కొన్ని రోజుల పాటు చెమ్మ అందుతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా ఒక హాజరు పట్టీ తెరిచాము. నలభై మొక్కలకు నలభై వరుసలు. ఒక్కొక్క మొక్కకు ఇద్దరేసి విద్యార్థులు బాధ్యులు. ప్రతి జుమా నాడు ఉదయం వెళ్లి చూసి ‘హాజిర్’ లేదా ‘గైర్ హాజిర్’ రాయాలి. తరగతికి రాని పిల్లవాడి ఇంటికి కబురు పంపినట్లే, వాడిన మొక్క దగ్గరకు వెంటనే నీళ్లు పంపాలి.

ఒక తండ్రి దీనికి అభ్యంతరం చెప్పారు. “మౌలానా సాబ్, మావాడిని దీన్ నేర్చుకోవడానికి పంపాను, తోటమాలిని చేయడానికి కాదు” అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. చదువు సమయంలో ఒక్క నిమిషం కూడా తగ్గించలేదని చెప్పాను. తరువాత హజ్రత్ అబుద్దర్దా (ర) సంగతి వినిపించాను. ఆయన దమస్కస్‌లో మొక్క నాటుతుండగా ఒక వ్యక్తి ఆశ్చర్యపోయి, దైవప్రవక్త (స) సహచరులై ఉండి మీరు ఇలాంటి పని చేస్తున్నారా అని అడిగాడు. తొందరపడి నన్ను తప్పుబట్టకు అని ఆయన, మొక్క నుంచి ప్రాణులు తినే ప్రతిసారీ నాటినవానికి పుణ్యం లభిస్తుందన్న హదీసును వినిపించారు. మొక్క నాటడం దీన్ వెలుపలి పని అనుకోవడం ఆనాడే ఉందన్నమాట. దానికి సమాధానమూ ఆనాడే వచ్చింది. ఆ తండ్రి మారుమాట్లాడలేదు. తరువాతి జుమాకు కుమారునితో పాటు వాగు దగ్గరకు వచ్చారు.

సెలవుల సమస్య మాత్రం మిగిలింది. దానిని పరిష్కరించింది మా మొహల్లాలోని తల్లులు. 2025లో షాబాన్ వచ్చేసరికి హాజరు పట్టీని వారికి అప్పగించాము. ఏ ఇంటికి ఏ మొక్కో రాసి ఇచ్చాము. రమజాన్‌లో అస్ర్ తరువాత ఆడపిల్లలు బిందెలతో వెళ్లి నీళ్లు పోశారు. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు వృథా చేయకుండా ఒక బకెట్‌లో దాచేవారు. ఉపవాసం ఉన్న చేతులు నీళ్లు మోసి దప్పికగొన్న వేరును తడిపాయి. ఇంతకన్నా అందమైన రమజాన్ దృశ్యాన్ని నేను చూడలేదు. పండుగ తరువాత లెక్క చూస్తే నలభైలో ముప్పై ఒకటి హాజరు. వరదకు నాలుగు పోయాయి, మిగతావి మేకలకు, ఎండకు.

మూడేళ్లలో ఒక్క వేసవే గడిచింది. ఇంకా రెండు వేసవులు దాటాలి. హిదాయాలోని గడువు ప్రకారం మేమింకా పరీక్షలోనే ఉన్నాము.

ఒక మనిషి చేసిన పని

మేము ఆ లెక్క చూసుకున్న రోజుల్లోనే, 2025 ఏప్రిల్ 12న, ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో వనజీవి రామయ్య గారు కన్నుమూశారు. ఆయన అసలు ఇంటిపేరు దరిపల్లి. అడవి మీద మమకారమే ఆయనకు ‘వనజీవి’ అన్న పేరు తెచ్చింది. గింజలు ఏరుకోవడం, వాటిని సంచిలో వేసుకుని సైకిల్ మీద తిరగడం, రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద, ఖాళీ స్థలం కనిపించిన చోటల్లా నాటడం, ఇదే ఆయన జీవితం. భార్య జానమ్మ గారు ఆయనకు తోడుగా నిలిచారు. చెట్టును కాపాడితే అది మనల్ని కాపాడుతుందనే అర్థం గల పలకను మెడలో వేసుకుని తిరిగేవారు. కోటికి పైగా మొక్కలు నాటారని ప్రతీతి. 2017లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది.

ఆయన మన మతస్థుడు కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. మంచిలో, దైవభీతిలో పరస్పరం సహకరించుకోండని, పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోవద్దని అల్ మాయిదా సూరా రెండవ ఆయతు బోధిస్తోంది. ఆయన నాటిన చెట్ల నీడన ఖమ్మం మస్జిదులకు నడిచి వెళ్లేవారూ కూర్చుని ఉంటారు. ఏ చెట్టూ తన కింద నిలిచినవాని పేరు అడగదు. ఆ వృద్ధుని జీవితం నుంచి నేను నేర్చుకున్నది సంఖ్య కాదు. ఆయనకు సంఘం లేదు, కార్యక్రమం లేదు, ప్రారంభోత్సవం లేదు. దశాబ్దాల పాటు ప్రతిరోజూ అదే పని చేశారు. అల్లాహ్‌కు అత్యంత ఇష్టమైన ఆచరణ కొద్దిదైనా నిరంతరంగా సాగేదని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) ద్వారా మనకు చేరిన హదీసు చెబుతోంది కదా.

మీ ఇంటి నుంచి మొదలుపెట్టండి

ఈ శీర్షిక చదివే ప్రతి కుటుంబం వాగు ఒడ్డుకు రాలేదు. కాని ప్రతి ఇంటికీ ఒక భాగం ఉంది.

ఈ నెలలో తిన్న నేరేడు గింజలను, రాలిన వేపపండ్ల గింజలను పారవేయకండి. అయితే దాచిపెట్టకండి కూడా. వేప, నేరేడు, ఇప్ప గింజల మొలకెత్తే శక్తి కొద్ది వారాల్లోనే పోతుంది. కడిగి, నీడన ఆరబెట్టి వెంటనే నాటాలి. చింతగింజ తొందరేమీ లేదు, రాత్రంతా నానబెట్టి విత్తితే చాలు.

వుజూ నీరు మొక్కలకు మళ్లేలా మస్జిదు కమిటీ చిన్న కాలువ తీయించవచ్చు. మన ఖబరస్తాన్లలో పాత చెట్లు ఉంటే నరకకుండా కాపాడండి. సమాధులకు ఇబ్బంది కలగని అంచుల్లో వేప, కానుగ నాటండి. ఖుర్బానీ వ్యర్థాలను వాగులోనో చెరువు గట్టునో వేయకండి, గొయ్యి తవ్వి పూడ్చండి. కిన్నెరసానికో పాపికొండలకో విహారానికి వెళ్లినప్పుడు తెచ్చిన ప్లేట్లు, సీసాలు, సంచులు తిరిగి ఇంటికే తెచ్చుకోండి. వేసవిలో అడవి దారిన వెళ్లేటప్పుడు పొయ్యి వెలిగించవద్దు, ఆరని బీడీ ముక్క విసరవద్దు. ఒక్క నిప్పురవ్వకు వేలాది మొలకలు బూడిదవుతాయి.

మొక్క నాటితే దాని పేరును పిల్లల చేత ఒక పుస్తకంలో రాయించండి. మూడు వేసవుల వరకు ప్రతి జుమా నాడు ‘హాజిర్’ అని గుర్తు వేయించండి. ఒకవేళ ఎండిపోతే దాచవద్దు, ‘గైర్ హాజిర్’ అని నిజాయితీగా రాయించి మరొకటి నాటించండి. పిల్లలు చెట్టుతో పాటు అమానత్ అంటే ఏమిటో కూడా నేర్చుకుంటారు.

ప్రళయ ఘడియ వచ్చేసినా మీ చేతిలో ఒక మొక్క ఉంటే, నాటగలిగితే నాటేయండని దైవప్రవక్త (స) ఉపదేశించినట్లు ముస్నద్ అహ్మద్‌లో ఉంది. అంతటి భీతావహ సమయంలో ఆ మొక్కకు నీళ్లు పోసే గడువు ఎవరికీ ఉండదు. మనకు మాత్రం ప్రళయం ఇంకా రాలేదు. గడువు ఉంది, బిందె ఉంది, వాగు పక్కనే ఉంది.

ప్రశ్న అడిగిన ఆ విద్యార్థి ఈ ఏడాది చదువు ముగించుకుని వెళుతున్నాడు. తన మొక్క వరుసను చిన్న తరగతి పిల్లవానికి అప్పగిస్తూ పట్టీలో సంతకం చేయించుకున్నాడు. ఏడో వరుసలోని ఆ కానుగ ఇప్పుడు వాడి భుజం ఎత్తు ఉంది.

అల్లాహ్ మనం నాటిన ప్రతిదానిని బతికించే ఓపికను మనకు ప్రసాదించుగాక. మన నిర్లక్ష్యం వల్ల ఎండిపోయిన వాటి విషయంలో మనల్ని క్షమించుగాక. ఆమీన్.